నా వైపు బ్రేకు

నిదానం, స్ట్రాతో నిదానంగా పీల్చు అంటే అలా చూస్తావేంటి? నేనేమన్నానిప్పుడు? ఆ నర్సమ్మే కదా చెప్పింది, గబగబా పీలిస్తే పొలమారుతుంది, దగ్గితే దవడ కదులుతుంది అని. నీ మంచికే చెప్తున్నా. ఒక గుక్క తాగు, ఆగు. మళ్ళీ ఇంకో గుక్క. ఆఁ, అలా.

సరే, సరే. గ్లాసు పక్కన పెట్టేస్తున్నాలే. కోపం దేనికి? నోటికి తీగలు చుట్టారు గానీ కళ్ళకి చుట్టలేదు కదా, పొద్దుట్నుంచీ కళ్ళతోనే దులిపేస్తున్నావు నన్ను.

నెలన్నర దాకా నోరు తెరవకూడదట. నువ్వు! మన కారు కడిగే అతను నిన్న ఏమన్నాడో తెలుసా? 'గురువుగారూ, మీకు మేడమ్ గారితో ఇన్నాళ్ళకి మౌనవ్రతం కుదిరింది' అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వి, వెళ్ళి మెట్ల కింద నిలబడ్డాను. సిగ్గేసింది.

ఆ దిండు ఇలా ఇవ్వు, సరిగ్గా పెడతాను. కట్టు ఉన్న చెయ్యి కదపకు. ఇదిగో, ఇప్పుడు బావుందా?

చూడు, పొద్దున నువ్వు చేసిన పనేం బాలేదు. నాకు నచ్చలేదంతే. మంచిగా ఉన్న చేత్తో హ్యాండ్‌బ్యాగులోంచి డ్రైవింగ్ లైసెన్సు తీసి మీ అన్నయ్య చేతిలో పెట్టి, చింపెయ్యమని సైగ చేస్తావా? ఏం, నీకేం పోయేకాలం? ఆ మహానుభావుడు కూడా 'అలాగేనమ్మా, ఇంక ఆ గొడవ మనకొద్దులే' అని చొక్కా జేబులో వేసుకున్నాడు. నువ్వు గోడ వైపు తిరిగి పడుకున్నావు.

నేనేం చేశాను? చూశావుగా. తేలు కుట్టిన దొంగలా ఈ స్టూలు మీద కూర్చుని నారింజ వొలిచాను. నువ్వు తినలేవని కూడా గుర్తులేదు నాకు.

మీ అన్నయ్య కింద మందుల దగ్గర ఉన్నాడు. క్యూ పెద్దదే, నేను చూసే వచ్చాను. పక్క మంచం ముసలావిడ నిద్రపోతోంది. ఇప్పుడు తప్పితే నాకు మళ్ళీ ధైర్యం రాదు. ఇటు తిరుగు. తిరగవూ? పోనీ వినైనా విను.

నిన్న మన డ్రైవింగ్ స్కూలు ఆఫీసుకి ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. 'మేడమ్ ఎప్పుడు నేర్పిస్తారు? ఆవిడైతేనే చేరతాం' అన్నారు. ఏం చెప్పను? నీ కుర్చీ ఖాళీగా ఉంది. పొట్టిగా ఉన్నవాళ్ళకి సీటు మీద వెయ్యటానికని నువ్వు కుట్టిన దిండు అలాగే ఉంది, దాని దారం కూడా ఇంకా కత్తిరించలేదు. ఫోన్లు ఎత్తుతూ, టైములు చెప్తూ ఆ మూల కూర్చున్నదానివి, ఇన్నాళ్ళకి లేచి వచ్చి స్టీరింగు ముందు కూర్చుందామనుకున్నావు. ఎంత సంబరపడ్డావు! ఆ సంబరం చూసి...

ఉండు, అది తర్వాత చెప్తాను. ముందు ఇది చెప్పనీ.

నిన్ను లోపలికి తీసుకెళ్తున్నప్పుడు వరండాలో మీ అన్నయ్య ఏమన్నాడో విన్నావా? కళ్ళు మూసుకునే ఉన్నావు, విన్నావో లేదో నాకు తెలీదు. 'చిన్నప్పట్నుంచీ దీనికి తొందరే బావా' అన్నాడు. నేనేమన్నానో విన్నావా?

'ఎంత చెప్పినా మితం తెలీదండీ' అన్నాను.

అన్నాను. నా నోటితోనే. నిన్ను స్ట్రెచర్ మీద తోస్తుంటే, నీ చీర మీద రక్తం ఇంకా ఆరకుండానే అన్నాను. మీ అన్నయ్య నా భుజం తట్టాడు కూడా, పాపం ఎంత ఓపిక మనిషో అన్నట్టు.

అదిగో, ఇటు తిరిగావు. విన్నావన్నమాట.

మితం! నా నోట్లో ఆ మాట ఎప్పుడూ నానుతూనే ఉంటుంది కదా. ఆదివారం ప్రసంగాల హాల్లో పెద్దాయన చెప్పింది సోమవారం నా కార్లో క్లచ్ మీద వాడేస్తాను. సగం కడుపు తిండికి, పావు నీళ్ళకి, పావు గాలికి వదలమన్నారు పెద్దలు, పెడలూ అంతే నాయనా, మొత్తం తొక్కెయ్యకు, మొత్తం వదిలెయ్యకు అంటాను. వత్తి మరీ పైకి లాగితే పొగ, మరీ కిందికి దించితే చీకటి అంటాను. ఒక ఫకీరు కథ చెప్తాను, ఒక సాధువు కథ చెప్తాను. ఈలోపు పాపం ఆ కుర్రాడి బండి నాలుగుసార్లు ఆగిపోతుంది. 'ఏవండీ, వాళ్ళు గేర్లు నేర్చుకోవటానికొచ్చారా, మోక్షానికొచ్చారా?' అనేదానివి. హాఫ్ క్లచ్ గురువుగారు అని పేరు పెట్టింది నువ్వే కదా. ఇప్పుడు ఊరంతా అదే పిలుపు.

అంత గురువుగారినై ఉండి నేను ఏం చేశానో చెప్తాను. తిట్టుకో. కావాలంటే ఆ గ్లాసు తీసి కొట్టు.

మన కార్లో నా వైపు కూడా బ్రేకు ఉంటుంది. అది నీకు తెలుసు, వచ్చినవాళ్ళందరికీ నువ్వే చెప్తావు, భయం లేదండీ సార్ కాలు కిందా ఒక బ్రేకుంది అని. ఎవరికైనా నా పద్ధతి ఒకటే. మొదట్లో నా కాలు దానిమీదే ఉంటుంది. కొన్నాళ్ళకి కాలెత్తి గాల్లో ఉంచుతాను. చివరికి కాలు వెనక్కి లాగి సీటు కిందికి మడిచేస్తాను. మడిచానని చెప్తాను కూడా. చెప్పగానే వాళ్ళకి చెమటలు పడతాయి. పడనీ అంటాను. ఒకడు మైదానంలో అడ్డంగా పెట్టిన డ్రమ్ముకి రాసుకుంటాడు, ఇంకొకడు ఫుట్‌పాత్ ఎక్కిస్తాడు. అప్పుడే వాడి కాలికి అర్థమవుతుంది, ఎంత నొక్కితే ఎంత ఆగుతుందో. నోటితో చెప్తే వచ్చేది కాదది.

నీ దగ్గర నేను కాలు మడవలేదు.

అర్థమవుతోందా? ఒక్కరోజు కూడా మడవలేదు. గాల్లో కూడా ఉంచలేదు. నువ్వు చూళ్ళేదు. ఎలా చూస్తావు? కళ్ళు రోడ్డు మీంచి తియ్యొద్దని చెప్పింది నేనే కదా. చెప్పింది చెప్పినట్టు చేస్తావు కదా నువ్వు.

మొదటిరోజు సైకిలువాడు అడ్డం వచ్చినప్పుడు నా కాలు దానంతట అదే పోయింది. అది తప్పు కాదు, అందుకే పెట్టారు ఆ బ్రేకు. కానీ తర్వాత కూడా నొక్కుతూనే ఉన్నాను. ప్రతి మలుపులో. ప్రతి దిగుడులో. ఆ రెండు బ్రేకులూ కలిపి కట్టి ఉంటాయి. నేను నా వైపు నొక్కితే నీ వైపుదీ కిందికి దిగుతుంది. నీ కాలు దానిమీద ఆనించి ఉందనుకో, నువ్వే నొక్కినట్టు ఉంటుంది నీకు. పిచ్చిదానా, ఆనించటమే నొక్కటం అనుకున్నావు నువ్వు.

కూరగాయల బజారు మలుపులో తోపుడుబండి అడ్డం వచ్చిన రోజు గుర్తుందా? కారు ఎంత మెత్తగా ఆగిందో! వెనక సీట్లో నీళ్ళ సీసా కూడా దొర్లలేదు. నువ్వు గర్వంగా నవ్వి 'చూశారా?' అన్నావు.

అప్పుడే చెప్పెయ్యాల్సింది. 'అది నువ్వు కాదోయ్, నేను' అంటే సరిపోయేది. ఏముంది, కాస్త అలిగేదానివి. నేనేమన్నాను? 'శభాష్, నీ కాలికి మితం తెలుసోయ్' అన్నాను.

ఎంత పొంగిపోయావు! ఆ సాయంత్రం మీ వదినకి ఫోన్ చేసి చెప్పుకున్నావు. నేను హాల్లో కూడా చెప్పాను, మా ఆవిడ పాదానికి మితం పుట్టుకతో వచ్చిందండీ అని. పెద్దాయన సంతోషించాడు. ఒకసారి అన్నాక ఇంక వెనక్కి ఎలా తీసుకోను? ఒక్క అబద్ధం కదా అనుకుంటాం, దానికి రోజూ మేత వెయ్యాలి. రోజూ నొక్కాను. రోజూ మెచ్చుకున్నాను.

టెస్టు రోజున కూడా.

అవును, టెస్టు రోజున కూడా! ఇన్‌స్పెక్టరు వెనక సీట్లో కూర్చుని అద్దంలోంచి బయటికి చూస్తున్నాడు. నేను నీ పక్కనే ఉన్నాను. ఆపమన్నాడు, ఆపాం. 'బాగా నేర్పించారండీ' అని నాకు చెయ్యిచ్చాడు. నా కాలు ఇంకా బ్రేకు మీదే ఉంది అప్పుడు.

అలా చూడకు. చూడు, పోనీ చూడు. చూడాల్సిందే.

ఆ యాక్సిడెంటు రోజు సంగతి చెప్పేస్తాను. నువ్వు మీ అన్నయ్య వాళ్ళింటి నుంచి ఫోన్ చేశావు. స్టేషన్ నుంచి మీ వదినని తీసుకురావాలి, అన్నయ్య ఇంట్లో లేడు, కారుంది, నేను తీసుకెళ్ళనా అని అడిగావు. మొదటిసారి ఒక్కదానివే వెళ్తానంటున్నావు, గొంతులో ఆ ఉషారు నాకు వినబడుతూనే ఉంది.

మీ అన్నయ్య కార్లో రెండో బ్రేకు ఉండదు. నాకు తెలుసు కదా. లోకంలో ఇంకెవ్వరికీ తెలీదు, నాకు తెలుసు, నువ్వు ఇంతవరకు ఒక్కసారి కూడా నీ అంతట నువ్వు కారు ఆపలేదని. ఒక్క మాట 'వద్దు' అంటే అయిపోయేది.

వద్దంటే ఎందుకు అంటావు. లైసెన్సుంది కదా అంటావు. నా కాలికి మితం తెలుసన్నారు కదా అంటావు. ఏం చెప్పాలి నేను? కడుపు చించుకుంటే కాళ్ళ మీదే కదా పడేది.

'వెళ్ళు' అన్నాను. 'నిదానమే ప్రధానం' అన్నాను. నవ్వుతూ అన్నాను! పక్కన స్టీరింగు పట్టుకున్న అమ్మాయి కూడా నవ్వింది. నువ్వు 'అలాగే గురువుగారూ' అని పెట్టేశావు. ఆ తర్వాత ఆ అమ్మాయికి రివర్సు నేర్పించాను, ఏమీ జరగనట్టు. లోపల మాత్రం స్టేషన్ దారిలోని వంతెన దిగుడే కళ్ళ ముందు కనిపిస్తోంది. ఫోన్ చేద్దామా అనుకున్నాను. నడుపుతున్నప్పుడు ఫోన్ చెయ్యకూడదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. చూడు, అక్కడ కూడా నియమమే దొరికింది నాకు దాక్కోటానికి.

వంతెన దిగుడులో నువ్వు ఎప్పట్లాగే కాలు ఆనించి ఉంటావు. మెత్తగా. నేను మెచ్చుకున్నంత మెత్తగా. కారు ఆగలేదు. ఆ సిమెంటు కొట్టు గోడకి గుద్దుకునే ఆగింది, ఆ గోడే లేకపోతే... ఇంకెవరికీ ఏమీ కాలేదు, ఆ సమయానికి దారిలో ఎవరూ లేరు, అదొక్కటే అదృష్టం.

ఆపరేషన్‌కి ముందు నీ నోరు వాచిపోయి మాట సరిగా రావట్లేదు. నా చెయ్యి పట్టుకుని ఒకటే మాట. 'నేను నొక్కానండీ. నొక్కాను. ఆగలేదు.' మళ్ళీ మళ్ళీ అదే. మీ అన్నయ్య కారుని మెకానిక్ చూసి బ్రేకులు భేషుగ్గా ఉన్నాయన్నాడు. ఇంక అందరూ తేల్చేశారు, కంగారులో బ్రేకనుకుని యాక్సిలరేటర్ తొక్కి ఉంటుంది అని. మీ వదిన అంది. మా పిన్ని అంది. చివరికి నువ్వే నమ్మేశావు. పొద్దున ఆ లైసెన్సు ఇచ్చినప్పుడు నీ మొహం చూశాను నేను.

నువ్వు తప్పు తొక్కలేదు. వింటున్నావా? నువ్వు బ్రేకే నొక్కావు. నీకు నేర్పినంత నొక్కావు. నీకు నేర్పిందే అంత.

అయ్యో, ఏడవకు. ఏడవకే. ముక్కు మూసుకుపోతే ఊపిరాడదు, నోటితో పీల్చలేవు కదా, నర్సమ్మ చెప్పింది. ఏడుపు కూడా కాస్త... ఛ! చూడు, మళ్ళీ నోటి చివరిదాకా వచ్చింది. ఏడువు. నీ ఇష్టం. ఇదిగో తువ్వాలు. ముక్కు తుడవనీ. తలగడ కాస్త ఎత్తుతాను, ఆఁ.

నర్సమ్మని పిలవనా? వద్దా? సరే.

మొన్న ఆదివారం నువ్వు మందుల మత్తులో ఉన్నప్పుడు హాలుకి వెళ్ళాను. ప్రసంగం అయ్యాక పెద్దాయన దగ్గర కూర్చున్నాను. 'నాకు తెలిసినాయన ఒకడున్నాడండీ' అని మొదలుపెట్టాను. ఇంకెవరి మీదైనా పెట్టి చెప్పాలి కదా! గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే రకం నేను. అంతా విన్నాడాయన. ఆయనేమీ కోప్పడలేదు. 'ఒకరి బదులు ఇంకొకరు ఉపవాసం ఉండలేరు నాయనా' అన్నాడు. 'భార్య ఆకలి నేను పడతానని భర్త మానేస్తే, ఆవిడకి ఉపవాసం తెలీదు, ఈయనకి ఆకలీ తీరదు. మితమూ అంతే. ఎవరి కొలత వాళ్ళే తెలుసుకోవాలి, తప్పి తెలుసుకోవాలి. పక్కనున్నవాడు చెయ్యగలిగింది ఏమిటంటే, వాళ్ళు తప్పేదాకా ఓపిక పట్టటం.'

ఆ తర్వాత నెమ్మదిగా అడిగాడు, 'ఆ తెలిసినాయన ఇంట్లో చెప్పాడా మరి?' అని. నేను చెప్పులు వెతుక్కున్నాను. చెప్పులు నా కాళ్ళకే ఉన్నాయి.

ఇంకొకటి ఉంది. అసలుది.

నీ మీద ప్రేమతో నొక్కాననుకున్నాను. నాకు నేను అలాగే చెప్పుకున్నాను. అందులో సగం నిజమే, ఒట్టు. నీకు చిన్న దెబ్బ తగిలినా తట్టుకోలేను నేను. కానీ మిగతా సగం ఉంది చూడూ...

ఆ బ్యాంకు ఆవిడ నేర్చుకోవటానికి వచ్చింది గుర్తుందా? వెళ్తూ వెళ్తూ నీతో ఏమంది? 'సార్ మంచివారే కానీ ప్రసంగం ఎక్కువండీ, మీరు నేర్చుకుని నేర్పిస్తే బావుంటుంది' అంది. నువ్వు నవ్వి, సార్ వింటారు అన్నావు. విన్నాను. తలుపు వెనకే ఉన్నాను. అప్పట్నుంచీ ఎవరొచ్చినా మేడమ్, మేడమ్. నీకు నిజంగా బాగా వచ్చేస్తే నా దగ్గరికి ఎవడొస్తాడు? నా ఫకీరు కథలు ఎవడు వింటాడు? నేర్చుకోనీ, కానీ పక్కన నేను లేకపోతే నడపలేనంత నేర్చుకోనీ అనుకున్నాను.

అంత స్పష్టంగా అనుకోలేదు. అనుకోలేదనే చెప్దామనుకుని వచ్చాను నీకు. కానీ అనుకున్నాను. ఒకసారి ఖాళీ రోడ్డు మీద, ఎదురుగా కుక్కపిల్ల కూడా లేదు, నువ్వు హాయిగా పోతున్నావు, కిటికీలోంచి గాలికి నీ జుట్టు ఎగురుతోంది. నాతో మాట్లాడటం కూడా మర్చిపోయావు. నేను బ్రేకు నొక్కాను. ఏ కారణం లేదు. 'ఏంటండీ, ఆగిందేంటి?' అన్నావు. 'కాస్త స్పీడెక్కావు, నీ కాలే సర్దుకుంది' అన్నాను. నువ్వు నమ్మావు. నీ కాలికి థాంక్స్ కూడా చెప్పావు, వొంగి, నవ్వుతూ.

ఆ నవ్వు తలుచుకుంటే నాకు అన్నం సయించట్లేదు. తిండి మానేస్తే తపస్సు అనుకుంటున్నారు ఇంట్లో.

చెయ్యి లాక్కున్నావా. లాక్కో. న్యాయమే.

నన్ను క్షమించమని అడగటానికి కూడా నోరు రావట్లేదు. నువ్వు జవాబు చెప్పలేని టైము చూసుకుని చెప్తున్నానని అనుకుంటున్నావు కదూ? ఆఁ, ఆ చూపు నాకు తెలుసు. నిజమేనేమో. నీ నోరు పనిచేస్తుంటే నాకింత ధైర్యం వచ్చేది కాదేమో. నిజమే.

కానీ ఒక పని చేస్తాను. మీ అన్నయ్య రానీ. ఆ లైసెన్సు జేబులోంచి తీయించి, ఉన్నదున్నట్టు చెప్పేస్తాను. తొందర నీది కాదు, తప్పు నాది అని. మీ వదినకి చెప్తాను, మా పిన్నికి చెప్తాను, ఆదివారం హాల్లో లేచి నిలబడి 'ఆ తెలిసినాయన నేనే' అని చెప్తాను. నువ్వు లేచాక మైదానంలో ఖాళీ డ్రమ్ములు పెడతాను. నేను కార్లోనే కూర్చోను. దూరంగా నిలబడతాను. ఎన్ని డ్రమ్ములు గుద్దుకుంటావో గుద్దుకో. నోరెత్తను.

వినబడుతోందా? ఆ దగ్గు మీ అన్నయ్యదే. మెట్లెక్కుతున్నాడు. రానీ. చెప్పేస్తాను. చూస్తూ ఉండు, లోపలికి రాగానే చెప్పేస్తాను.

ఆఁ, రండి బావగారూ. దొరికాయా అన్నీ? ఇలా కూర్చోండి, స్టూలు మీద. లేదు లేదు, నేను నిలబడతాను.

తన కళ్ళెర్రగా ఉన్నాయా? అబ్బే, ఏం లేదండీ. నొప్పి... కాస్త నొప్పిగా ఉన్నట్టుంది. నేనా? ఊరికే, కబుర్లు చెప్తున్నా. తొందరేం లేదు, నిదానంగా కోలుకోమని...

ఏంటోయ్? ఏం కావాలి? నీళ్ళా? కాదా?

మీ జేబు చూపిస్తోంది బావగారూ. అదేనండీ, పొద్దున ఇచ్చిన కార్డు. ఇమ్మంటోంది. ఇచ్చెయ్యండి.

ఇచ్చెయ్యండి బావగారూ, తనదే కదా. మంచిచేతిలో పెట్టండి. ఆఁ. చూశారా, ఎంత గట్టిగా పట్టుకుందో.

ఎందుకు మనసు మార్చుకుందంటారా? తనే చెప్తుంది లెండి. నెలన్నర అయ్యాక తీగలు విప్పుతారుగా, అప్పుడు అన్నీ చెప్తుంది. మీరూ ఉండండి ఆ రోజు. నేనూ ఉంటాను.

ఏంటీ, అప్పటిదాకా ఎందుకు, నేనే చెప్పచ్చు కదా అంటారా? నాకు నీతులు చెప్పటమైతే వచ్చు బావగారూ. ఇది రాదు.